దడువాయి బొటనవేలు

ఎనుమాముల మార్కెట్ల మిర్చి యార్డు ఎనుక
గోపికిషన్ సేటు గద్దె పక్కపొంటి
నాకొక ప్లాస్టిక్ కుర్చీ, తుమ్ములు పంచే ఫ్యాను.
తార్నాకల రెండేండ్లు నేర్చుకున్న స్పానిష్
ఇక్కడ చపాటా కాయ లెక్క ఎండుతున్నది.

సముద్రాల అవుతల ముర్సియా అనే ఊర్ల
ఒకాయన మన రంగు కొంటడు.
కారం వద్దట, ఎరుపే కావాల్నట.
పోయిన సరుకుల తడి ఉన్నదని ఉత్తరం రాసిండు.
జవాబు ఆయన భాషలనే పోవాలంటడు సేటు:
"తప్పు మనది కాదు. అదొక రోగ్ చేసిన పని.
గట్టిగ రాయి బిడ్డా."

రోగ్.
తెలుగుల పలికితే రోగమే.

గుమాస్తా నడుమ దూరిండు:
"రోగ్ అంటే ఆనదు, రాస్కల్ అనుండ్రి, చీట్ అనుండ్రి."
నేను డిక్షనరీ తెరిచిన.

పీకరో. వానికి ఆకలున్నది, తెలివున్నది,
మన జేబు కొట్టినా మనకే నవ్వొస్తది.
మా దిక్కు ఏడు బాయిల నీళ్లు తాగినోడంటరు.
ట్రవియేసో. అది పోరగాండ్లకు,
మూతికి జామకాయ పసరుండంగనే
"నేను గాదు" అనేటోనికి.
గ్రనూహా. ఆ హా గొంతుల గీరుకపోతది,
మండిబజార్ల ఎవరో ఖబర్దార్ అన్నట్టు.
సిన్ వెర్గ్వెన్సా. షరం లేనోడు.
దీనికి తర్జుమా ఎందుకు,
మా అమ్మమ్మ పొద్దుగాల లేస్తనే అనే మాట.

మాటకొక తూకం.
లుచ్చా అంటే కొట్లాట, బేమాన్ అంటే పంచాయితీ,
బట్టేబాజ్ అంటే సగం మెచ్చుకోలు.
దొంగ అన్నది మాత్రం ఎవరన్నరో చూడాలె:
పోలీసు అంటే కేసు,
బుగ్గ గిల్లి అమ్మమ్మ అంటే ముద్దు.

"ఎవరు సేటూ ఆ రోగ్? ఆడా, మగా?
ఆ భాషల చివరి అచ్చు అడుగుతది."

"పాత దడువాయి. కాంటా మీద వేలు పెట్టేటోడు.
ఉగాదికి ముందు సచ్చిపోయిండు గద,
పేరు రాస్తే ఏం పోయె?
కట్టయ్య అని రాయి."

కట్టయ్య మా నాయిన.
సేటుకు తెల్వదు. తెలిసే అన్నడేమో గూడ.

ఆ బొటనవేలు నాకెరుకే.
మిర్చి ఘాటుకు గోరు నల్లబడ్డది.
సేట్లు కన్ను గీటితే సేట్ల దిక్కు వాలేది,
నెక్కొండ నుంచి బస్తా మోసుకొచ్చే ముసలామె నిలబడితే
ఎవరూ చూడకుంట ఆమె దిక్కు.
అదే వేలుతోని నాకు బువ్వ కలిపేటోడు,
ముద్ద ముద్దకు మంట.
నా ఫీజులు, తార్నాక హాస్టలు,
ఈ పీకరోలు గ్రనూహాలు
అన్నీ ఆ వేలు మోసినయే.
తూకం తప్పిండు, ఒప్పుకుంట.
కని కాయ మీద నీళ్లు చల్లింది ఆయన గాదు.
రాత్రి షట్టరేసి పైపు పట్టింది ఎవరో
యార్డుల కుక్కలకు గూడ తెలుసు.

ఆ భాషల ఒక సౌలత్ ఉన్నది:
ఎవరో చెప్పకుంట "తడిసింది" అనొచ్చు.
మనకూ ఉన్నది. మస్తు వాడుతం.
చాలాసేపు ఆ మాట మీదనే పెన్ను నిలిపిన.

తర్వాత కొట్టేసి రాసిన:
మొహామోస్.
తడిపినం, అని. మేమే, అని.
చూడుండ్రి, ఆ మాటల మొహం ఉన్నది,
సేటు మొహం, గుమాస్తా మొహం,
జీతం తీసుకునే నా మొహం.

"రోగ్ అని రాసినవా?"
"రాసిన సేటూ."
"గట్టిగనేనా?"
"గట్టిగనే."

సేటు ముద్ర తీసి సిరాల అద్దిండు.
సక్కగ పడదని
బొటనవేలుతోని ఇంకింత ఒత్తిండు.

బయట కంప్యూటర్ కాంటా ఎర్రంకెలు చూపిస్తున్నది,
ఎవరి వేలు తాకినా కూతపెట్టే కాంటా.
నేను పక్కనుంచి మెల్లగ నడిచిపోయిన.
పీకర,
చివరి అచ్చు ఆడది.